ఈ బొమ్మలో పిల్లరేదబ్బాయ్?

మా ఊళ్ళో ఇంటి పనులకి ముహూర్తం పంతులుగారు పెట్టరు, మిర్చి యార్డు పెడుతుంది. గుంటూరులో కాయలు మంచి రేటుకి పోయి డబ్బు చేతిలో పడిందా, ఆ వేసవిలో ఏ వీధిలోకెళ్ళినా రంపాల మోత, ఫెవికాల్ వాసన. రేటు పడిపోయిందా, గేటుకి రంగేయించడం కూడా మళ్ళీ ఏటికే. (వినుకొండ తెలియనివాళ్ళకి: జాషువా గారు పుట్టిన ఊరు. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే రైలు మార్గంలో వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. మా నాన్న మాత్రం ఇంకా కవర్ల మీద గుంటూరు జిల్లా అనే రాస్తారు. అవి చేరుతూనే ఉన్నాయి.)

మా ఇల్లు 1996లో కట్టింది. వంటగట్టు అమ్మకి బాగా ఎత్తు. కూర కలపాలంటే భుజాలు ఎగరేయాలి. అటక మీద జాడీలు దించాలంటే ఇంట్లో ఎవరో ఒకరు స్టూలెక్కాలి, ఇంకొకరు స్టూలు పట్టుకోవాలి. "ఈసారి కాయలమ్మాక చేయిద్దాం" అని నేను ఇంజినీరింగు చదివేటప్పటి నుంచీ వింటున్నాను. 2025లో అయితే ఆ మాట కూడా ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడు మిర్చి రేట్లు ఎలా పడ్డాయో పేపర్లు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలని ధర ప్రకటించాల్సి వచ్చింది. నాన్న సగం టిక్కీలు ఏసీలో పెట్టి "చూద్దాంలే" అన్నారు. (ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. మావైపు ఏసీలో మనుషులకన్నా ముందు మిరపకాయలు పడుకున్నాయి.)

దసరాకి ఇంటికెళ్ళినప్పుడు నేనే అన్నాను, ఖర్చు నేను పెట్టుకుంటా, కనీసం వంటిల్లూ హాలూ చేయిద్దాం అని. హైదరాబాదులో ఏడేళ్ళుగా కోడు రాసుకుని బతుకుతున్నాను, ఆ మాత్రం మాట అనకపోతే ఎలా. అమ్మ మొహం వెలిగిపోయింది. వెంటనే మేస్త్రీకి ఫోన్ చేసింది.

మేస్త్రీ రానన్నాడు.

ఈయన మా ఇంటి తలుపులన్నీ చెక్కినవాడు. నేను పదో తరగతి దాకా చదువుకున్న బల్ల ఆయన చేసిందే. చుట్టరికం ఏమీ లేకపోయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ బాబాయ్. "తీరిక లేదక్కా, ఇంకెవర్నన్నా చూసుకోండి" అన్నాట్ట. మిర్చికి రేటు లేని ఏడాదిలో వినుకొండలో వడ్రంగి మేస్త్రీకి తీరిక లేకపోవడమేమిటి? ఏదో తేడాగా ఉందని సాయంత్రం నేనే ఆయన షెడ్డుకి వెళ్ళాను.

కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. హైదరాబాదు కబుర్లడిగాడు. పని సంగతి మాత్రం ఎత్తడే! నేనే ఎత్తాను. అప్పుడు జేబులోంచి ఫోన్ తీసి, చాలాసేపు వెతికి, ఒక బొమ్మ నా ముందు పెట్టాడు.

"ఇది నువ్వు పంపిందేనా?"

నాదే. చూడగానే గుర్తుపట్టాను. తెల్లటి గట్టు, ఆకుపచ్చ కబోర్డులు, పైనుంచి వేలాడే మూడు ఇత్తడి దీపాలు, పక్కన గాజు సీసాలో ఏదో మొక్క.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2024 వేసవిలో, అదే ఊళ్ళో ఉండే మా పిన్ని తన వంటిల్లు ఫొటో తీసి పంపి, "మంచి డిజైనేదన్నా చెప్పరా" అంది. నేను సోఫాలో పడుకుని క్రికెట్ చూస్తున్నాను. ఆ ఫొటోని ఒక ఏఐ బొమ్మల సైటులో పెట్టి, ఇంగ్లీషులో రెండు లైన్లు కొట్టాను. ఒక ఓవరు పూర్తయ్యేలోపు నాలుగు బొమ్మలు వచ్చాయి. వాటిలో బాగున్నది పిన్నికి పంపి మళ్ళీ మ్యాచిలో పడ్డాను. ఆవిడ మురిసిపోయి, మా అబ్బాయే డిజైన్ చేశాడని వీధి వీధంతా చెప్పుకుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ బిరుదు నాకూ నచ్చింది. కాదు పిన్నీ, ఇది నేను చేసింది కాదు అని ఒక్కసారి కూడా అనలేదు.

బాబాయ్ ఆ బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. "మీ పిన్ని వంటింటికీ భోజనాల గదికీ మధ్యలో పిల్లరుంది. నువ్వు ఆ ఇంట్లో వందసార్లు తిని ఉంటావు. ఈ బొమ్మలో పిల్లరేదబ్బాయ్?"

లేదు! నిజంగానే లేదు. ఏడాదిన్నరగా నా ఫోన్లో ఉన్న బొమ్మలో పిల్లరు లేదన్న సంగతి నేను అప్పుడే చూశాను. దాని చోటులో ఎండ పడుతోంది. ఆ ఎండ వచ్చే కిటికీ కూడా పిన్ని ఇంట్లో లేదు. అటు పక్కింటివాళ్ళ గోడ.

తర్వాత ఆయన వరసపెట్టి అడుగుతూనే ఉన్నాడు. గ్యాస్ బండ ఎక్కడ? సింకు కింద పైపు ఎటు పోతుంది? మూల సొరుగు లాగితే పక్క సొరుగు పిడికి తగులుద్ది కదా, ఏది ముందు తెరవాలి? మిక్సీకి ప్లగ్గు ఏది? పసుపూ కారం ఆడించి తెచ్చుకునే ఇంట్లో ఈ తెల్లరాయి ఎన్నాళ్ళు తెల్లగా ఉంటది? నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. బండ సంగతి అడిగినప్పుడు మాత్రం ఆ వేలాడే దీపాల వంక చూశాను, ఎందుకో మరి.

ఇదంతా ఆయన అప్పుడే పిన్నికి చెప్పాట్ట. "మా అబ్బాయి ఇంజినీరు, తెలియకుండానే గీస్తాడా" అందట ఆవిడ. (నేను చదివింది కంప్యూటర్ సైన్సు. పిల్లరుకీ నాకూ ఉన్న సంబంధం దానికి చేరగిలబడటం వరకే.) సరే, వీలైనంత దగ్గరగా చేసిపెడతానన్నాడు. పిల్లరు చుట్టూ అరలు కట్టి, దాన్ని మసాలా డబ్బాల స్టాండుగా మార్చాడు. నేను తర్వాత చూశాను, చాలా తెలివైన పని. కానీ అది బొమ్మలో లేదు. పని అంతా అయ్యాక పిన్ని ఫోను చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడి, బొమ్మనీ గదినీ మార్చి మార్చి చూసి, "నువ్వు చెప్పిందొకటి, చేసిందొకటి" అందట. చెప్పింది ఆయన కాదు. అయినా ఆఖరున ఇవ్వాల్సిన 40 వేలు ఆపేసింది. చెక్కకీ, ఇద్దరు కుర్రాళ్ళ కూలీకీ ఆయన అప్పటికే చేతి డబ్బు పెట్టేశాడు.

"ఫోన్లో బొమ్మ పట్టుకొచ్చేవాళ్ళ పని ఒప్పుకోకూడదని అప్పుడే అనుకున్నానబ్బాయ్. ఇప్పుడు బొమ్మ గీసినవాడే వచ్చాడు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మనకి తెలిసిన విద్య ఒకటే కదా, అంచేత అసలు ఆ పిల్లరు ఎలా మాయమైందో ఆలోచిస్తూ పడుకున్నాను.

ఈ బొమ్మల యంత్రానికి కోట్లాది ఫొటోలు చూపిస్తారు. ఒక్కో ఫొటో మీద చుక్కల ముసురు చల్లి, ఆ ముసురులోంచి ఫొటోని తిరిగి రాబట్టడం నేర్పిస్తారు. తర్వాత మనం "అందమైన వంటిల్లు" అనగానే అది ముసురుని కొంచెం కొంచెంగా తుడుచుకుంటూ, ఆ మాటకి సరిపోయే బొమ్మ వచ్చేదాకా పోతుంది. మన ఫొటో ఇస్తే అదొక ఆధారం, అంతే. అది చూసిన అందమైన వంటిళ్ళలో నడిమధ్యన పిల్లర్లు ఉండి ఉండవు. అంచేత మా పిన్ని పిల్లరు దానికి చెరిపేయాల్సిన మరకలా కనిపించి ఉంటుంది. పైనున్న స్లాబు బరువు ఆ మరక మీదే ఉందని దానికి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు.

కంప్యూటరు బొమ్మలతో ఇళ్ళు అమ్మడం కొత్తేమీ కాదు. ఆటోక్యాడ్ 1982లోనే వచ్చింది. స్కెచప్ 2000లో వచ్చింది, 2006లో గూగుల్ దాన్ని కొని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక చిన్న చిన్న ఊళ్ళలో కుర్రాళ్ళు కూడా త్రీడీ బొమ్మలు గీసిచ్చారు. ఐకియా వాళ్ళ కేటలాగు చూసినవాళ్ళకి ఒక సంగతి తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. అందులో 2006లో మొదటిసారి ఒక కుర్చీ బొమ్మని కెమెరా లేకుండా కంప్యూటర్లో తయారుచేసి అచ్చేశారు. 2014 నాటికి వాళ్ళ వస్తువుల బొమ్మల్లో దాదాపు మూడొంతులు అలాంటివేనని వాళ్ళే చెప్పారు. ఎవరికీ తేడా తెలియలేదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే ఆ కుర్చీ కొలతలన్నీ ముందే ఉన్నాయి, కొలతల్లోంచే బొమ్మ పుట్టింది. దుకాణానికెళ్తే అదే కుర్చీ దొరుకుతుంది.

2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటివి జనంలోకి వచ్చాక ఈ వరస తలకిందులైంది. ఇప్పుడు బొమ్మ ముందు పుడుతుంది. దానికి కొలతలు లేవు. ఎక్కడో దాచిపెట్టి ఉన్నాయా అంటే అదీ కాదు, అసలు లేవు. లేని కొలతల్ని ఆ బొమ్మలోంచి పిండి తీయాల్సిన పని మేస్త్రీ నెత్తిన పడింది. ఇంటీరియర్ వ్యాపారంలో ఇదివరకు మనిషి దగ్గర ఉన్న పని ఒకటి యంత్రం చేతికి పోయిందని అందరూ అంటున్నారు గానీ, మా ఊళ్ళో నేను చూసింది వేరు. బొమ్మ గీసే పని యంత్రానికి పోయింది, అది పొరబడితే నష్టం మోసే పని వడ్రంగికి కొత్తగా వచ్చింది. మధ్యలో నాబోటివాడు సోఫాలో ఉన్నాడు.

ఇంకో చిక్కు కూడా బాబాయే చెప్పాడు. ఒకే బొమ్మ పట్టుకుని నలుగురి దగ్గరికీ వెళ్ళి రేటు అడుగుతున్నారట. నీళ్ళు తగిలే వంటింటికి ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వేయాలని ఈయన లెక్క కడతాడు. ఇంకొకడు ఐఎస్ 303లో తక్కువ రకంతో లెక్క కడతాడు, మరొకడు ఏకంగా పొట్టు బోర్డుతో. పైన అతికించే సన్‌మైకా ముగ్గురిదీ ఒకటే. బొమ్మలో కనపడేది సన్‌మైకా. రెండు వానాకాలాలు పోయాక సింకు కింద తలుపు ఉబ్బినప్పుడు గానీ లోపలున్నదేమిటో తెలియదు. బొమ్మ చూపించి అమ్మే సరుకులో నిజాయితీగా లెక్క కట్టేవాడే ఖరీదైనవాడిగా కనిపిస్తాడు.

అలాగని ఈయన టెక్నాలజీ అంటే మొహం చిట్లించే మనిషేం కాదు. లేజర్ లెవెల్ కొనుక్కున్నాడు. నీళ్ళ గొట్టం పట్టుకుని ఇద్దరు మనుషులు గోడల చుట్టూ తిరిగే పని ఇప్పుడు ఒక ఎర్రగీత చేసేస్తోందని, చిన్నపిల్లాడిలా చీకట్లో వేసి చూపించాడు. పెద్ద కంపెనీల ఫ్యాక్టరీల్లో మిషను మీద అంచులు అతికించిన తలుపులు చూసి, "చేత్తో అంత బాగా రాదబ్బాయ్, ఒప్పుకోవాల" అన్నాడు. లివ్‌స్పేస్, హోమ్‌లేన్ లాంటివి 2014లో మొదలయ్యాయి. 2018 ఆగస్టు 9న హైదరాబాదులో ఐకియా దేశంలోనే మొదటి దుకాణం తెరిచింది. మా ఊరివాళ్ళు పిల్లల్ని చూడ్డానికి హైదరాబాదొచ్చి, ఒక పూట అక్కడ తిరిగి, ఊరెళ్ళి బాబాయ్‌కి ఫొటోలు చూపిస్తారు. ఆయన ఆ ఫొటోలు ఇష్టంగానే చూస్తాడు. వాటిలో బిజాగరీలు కనిపిస్తాయట.

ఆయన కొడుకు ఐటీఐ చదివాడు. వాడి ఫోన్లో షీట్లు కోసే లెక్క చెప్పే యాప్ ఒకటుంది. ఎనిమిదడుగులకి నాలుగడుగుల ప్లైవుడ్ షీటులో కావాల్సిన ముక్కలన్నీ ఎలా సర్దితే వృథా తగ్గుతుందో గీసి చూపిస్తుంది. నాకు ఉత్సాహం వచ్చేసింది, ఎందుకంటే ఇది మా సబ్జెక్టు! ఈ లెక్క మీద రష్యాలో కాంటొరోవిచ్ 1939లోనే పనిచేశాడు, 1961లో గిల్‌మోర్, గొమొరీ అనే ఇద్దరు దీనికి మంచి దారి చూపించారు. ఖచ్చితంగా అతి తక్కువ వృథా వచ్చే అమరిక కనుక్కోవడం ముక్కలు పెరిగేకొద్దీ కంప్యూటర్లకి కూడా తలనొప్పి. బాబాయ్ దాన్ని ముప్పయ్యేళ్ళుగా సుద్దముక్కతో చేస్తున్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరి లెక్కా పక్కపక్కన పెట్టి చూశాం. ఎవరిదో ఒక బీరువా పని. యాప్ ఏడు షీట్లంది. బాబాయూ ఏడే అన్నాడు. నేను సమానం అనుకున్నాను. కొడుకు నవ్వాడు. యాప్ అమరికలో మిగిలిన చెక్క ఇక్కడొక బద్ద, అక్కడొక బద్దగా చెదిరిపోయింది. ఈయన అమరికలో మిగిలిందంతా ఒకే చోట, రెండడుగుల వెడల్పు ముక్కగా ఉంది. "ఇది పూజ మందిరం తలుపులకి వస్తది" అన్నాడు. ఎవరి పూజ మందిరం అంటే, ఎవరో ఒకరిదట, అడగకుండా ఉండరట. యాప్‌కి ఇవాళ్టి బీరువా ఒక్కటే తెలుసు. ఈయన లెక్కలో రేపటి ఇల్లు కూడా ఉంది. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ముక్కల జాబితా రాసేటప్పుడు ఈయన ఒక అర రాయడం మర్చిపోయాడు, యాప్ పట్టుకుంది. తండ్రీకొడుకులు ఆ యాప్ గురించి పోట్లాడుకుంటూనే కలిపి వాడుతున్నారు. నాకు ఆ షెడ్డులో అన్నిటికన్నా నచ్చింది అదే.

మర్నాడు పిన్ని ఇంటికెళ్ళాను. ఈ పని ఫోన్లో కాదు. వెళ్ళి, ఆ పిల్లరు పక్కనే కూర్చుని, "పిన్నీ, ఆ బొమ్మ నేను గీసింది కాదు, దానికి కొలతలు లేవు, పిల్లరు చూసుకోకుండా పంపింది నేను, ఆయన తప్పేం లేదు" అని చెప్పాను.

ఆవిడకి కోపం రాలేదు. మొహం చిన్నబోయింది. "మరి డిజైన్ చేశావని నలుగురికీ చెప్తుంటే ఊరుకున్నావేంరా?"

దీనికేం చెప్పను. కొంచెం సేపయ్యాక ఆవిడే అంది, ఆ మసాలా డబ్బాల స్టాండు చాలా బాగుంటుందని, వచ్చినవాళ్ళంతా అడుగుతారని. మరి ఆ మాట ఆయనకి చెప్పావా అంటే, డబ్బులు ఆపిన మనిషిని ఏ మొహం పెట్టుకుని పొగుడుతానంది. బీరువా తీసి 20 వేలిచ్చింది. మిగతాది పత్తి అమ్మాక ఇస్తానంది. ఆ ఏడు వాళ్ళ మిరప సంగతీ మా మిరప సంగతే, నేను ఒత్తిడి చేయలేదు.

ఆ మిగతా 20 వేలు నేనిస్తానని బాబాయ్ దగ్గర తీశాను. తీసుకోలేదు. "నీ డబ్బెందుకబ్బాయ్, బొమ్మ నువ్వు గీయలేదంటివిగా" అన్నాడు. దెప్పాడో, ఓదార్చాడో ఇప్పటికీ తెలియదు.

నిజం చెప్పాలంటే మా ఆఫీసులోనూ ఇప్పుడు జరుగుతున్నది ఇదే. ఏఐతో ఎవరో రెండు రోజుల్లో తళతళలాడే డెమో చేసి క్లయింటుకి చూపిస్తారు. క్లయింటు మురిసిపోతాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళ నాటి పాత డేటాబేసు ఉంటుంది చూడండి, నడిమధ్యన పిల్లరులాగా, దాని చుట్టూ అరలు కట్టే పని మా మీద పడుతుంది. "డెమోలో లేదే" అంటారు. అప్పుడు నేను ఎంత గింజుకుంటానో! అలాంటివాడిని, ఇంకొకరి పనికొచ్చేసరికి సరిగ్గా ఆ క్లయింటు పక్కనే నిలబడ్డాను. ఇంతకన్నా దీని గురించి రాస్తే ఏడుపుగా ఉంటుంది, వదిలేస్తున్నాను.

బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. ఈసారి నేను బుద్ధిగా ఫోన్‌తో గది కొలిచాను. కెమెరా అటూ ఇటూ తిప్పితే గది ప్లాను గీసిపెట్టే యాప్ అది. పొడుగు పదడుగుల రెండంగుళాలని చెప్పింది. ఆయన టేపు తీశాడు. ఒక గోడ వెంబడి పదడుగుల రెండంగుళాలే, ఎదుటి గోడ వెంబడి పదడుగుల మూడున్నర. గది మూలమట్టానికి లేదు. "మీ నాన్న ఆ ఏడు కాయలు అమ్ముడుపోక, తాపీ మేస్త్రీని మధ్యలో మార్చాడు. అందుకే ఆ గోడ వంకర" అన్నాడు. మా ఇంటి గోడకి ఒక చరిత్ర ఉందని నాకు అప్పుడే తెలిసింది. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత ఆయన చేసిన పని చూసి నేను నోరెళ్ళబెట్టాను. హాల్లో నేల మీద సుద్దముక్కతో కొత్త వంటింటిని అసలు సైజులో గీశాడు. ఇక్కడ స్టవ్వు, ఇక్కడ సింకు, ఇది ఫ్రిజ్జు, ఇది దాని తలుపు తెరుచుకునే అర్ధచంద్రం. అమ్మని అందులో నిలబెట్టి, "అక్కా, ఇప్పుడు పప్పు పొయ్యి మీద పెట్టు" అన్నాడు. అమ్మ సిగ్గుపడుతూనే లేని గిన్నె ఎత్తింది. "ఇప్పుడు సింకులో చేతులు కడుగు. ఇప్పుడు ఫ్రిజ్జులో పెరుగు తియ్యి." అమ్మ మూడో అడుగు వేయగానే ఆగి, "ఇది దూరం మేస్త్రీ" అంది. ఆయన చీపురుతో చెరిపి మళ్ళీ గీశాడు. అలా నాలుగుసార్లు. పట్నంలో కొన్ని షోరూముల్లో కళ్ళకి పెద్ద అద్దాలు తగిలించి, కట్టబోయే ఇంట్లో తిప్పుతారు. మా అమ్మకి సుద్దముక్కతో అయిపోయింది. గట్టు ఎత్తు కోసం ఆమె మోచేయి నేల నుంచి ఎంత ఉందో కొలిచి, కొంత తగ్గించి, 31 అంగుళాలన్నాడు. పాతది 36. ముప్పయ్యేళ్ళుగా ఐదంగుళాలు ఎక్కువ ఎత్తులో వంట చేసింది మా అమ్మ.

ఆ కొలతలు నేను రాసుకుని, హైదరాబాదొచ్చాక స్కెచప్‌లో పెట్టాను. కొలతల్లోంచి బొమ్మ వచ్చింది, చూడ్డానికి బోడిగా ఉంది. రంగులు తేలడానికి దాన్ని ఏఐకి ఇచ్చాను (అవును, మళ్ళీ ఇచ్చాను). గీసిన గీతలు కదపొద్దని గట్టిగా చెబితే చాలావరకు కదపలేదు. గ్యాస్ బండ మీద మాత్రం దానికేదో పగ ఉన్నట్టుంది, రెండుసార్లు మాయం చేసింది. నేలకి మాచర్ల బండలని రాస్తే ఏవో విదేశీ టైల్స్ వేసింది. గట్టుకి ఏమీ చెప్పకపోతే ప్రతిసారీ తెల్ల చలవరాయే. చింతపండు పులుసూ నిమ్మరసమూ పడితే చలవరాయి మచ్చ కడుతుంది, గ్రానైటుకి ఆ బాధ లేదు. మాకు దగ్గర్లో చీమకుర్తిలో తవ్వే నల్ల గెలాక్సీ గ్రానైటు, ఆ బంగారు చుక్కల రాయి, ప్రపంచమంతా ఎగుమతవుతుంది. ఎక్కడెక్కడి హోటళ్ళకో వెళ్ళే రాయి పక్క ఊళ్ళో తవ్వుతుంటే మా వంటింటి బొమ్మలోకి దాన్ని పేరు పెట్టి పిలిస్తే గానీ రాలేదు. పిలిచాను. వచ్చింది. అమ్మకి నచ్చింది. "బండ ఏదిరా?" అంది. మూడోసారి పెట్టి పంపాను.

పని సంక్రాంతి వెళ్ళాక మొదలు. ఏసీలో ఉన్న టిక్కీలకీ దీనికీ సంబంధం లేదని నాన్నకి చెప్పాం, ఆయన సరేనన్నారు. బాబాయ్ ఒక షరతు పెట్టాడు. బొమ్మని కాగితం మీద అచ్చు తీసుకురమ్మన్నాడు. తీసుకెళ్తే, దాని కింద "ఇది ఊహాచిత్రం. కొలతల కాగితమే లెక్క" అని నాచేత తెలుగులో రాయించి, నాతో సంతకం పెట్టించాడు. ఆ పక్కన అమ్మతో. కొలతల కాగితం వెనక ప్లైవుడ్ రకం, బిజాగరీల రకం తన చేత్తో రాసి, ఆయనా సంతకం పెట్టాడు. సాక్షి కావాలంటే పిన్నిని పిలిచాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని బొమ్మంతా ఒకసారి పరకాయించి, సంతకం పెట్టేముందు నా వైపు తిరిగి, "పిల్లరుందా?" అంది. మా వంటింట్లో అసలు పిల్లరే లేదు. ఆ సంగతి చెప్పినా సరే, లోపలికెళ్ళి చూసొచ్చాకే పెట్టింది.